కొన్న పేరు అమ్మినవాడి గుప్పిట్లో ఉంటుంది

(విజయవాడలో చిన్న, మధ్యతరహా వ్యాపారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకు, సాయంత్రం గిరాకీ వేళలో కూడా కౌంటరు ఇంకొకరికి అప్పగించి ఇక్కడికి వచ్చిన మీ అందరికీ ధన్యవాదాలు.

ముందుగా ఒక వాట్సాప్ సందేశం చదువుతాను. ఈ హాల్లో చాలామందికి ఇలాంటిదే వచ్చి ఉంటుంది. "సర్, మీ హోటల్ గూగుల్ రేటింగ్ 3.6 మాత్రమే ఉంది. కస్టమర్లు పక్క హోటల్‌కు వెళ్లిపోతున్నారు. నెల రోజుల్లో 4.7కు తీసుకొస్తాం. అన్నీ నిజమైన ప్రొఫైళ్లే. చెడ్డ రివ్యూలు శాశ్వతంగా తీసేస్తాం. గ్యారంటీ. సగం అడ్వాన్స్."

ఇందులో 3.6 అన్న అంకె ఒక్కటే నిజం. అది నిజం కాబట్టే మిగతాదంతా నమ్మబుద్ధి అవుతుంది. 4.7 సంగతి కాగితం మీద లెక్క వేసి చూడండి. మీకు ఇప్పటికే 200 రివ్యూలు ఉండి సగటు 3.6 ఉందనుకుందాం. అది 4.7 కావాలంటే ఇంకా 734 రివ్యూలు రావాలి. ఆ 734లో ప్రతి ఒక్కటీ ఐదు స్టార్లే కావాలి, ఒక్కటి నాలుగు స్టార్లు వచ్చినా లెక్క తప్పుతుంది. నెల రోజుల్లో అంటే రోజుకు 24కు పైగా. ఐదేళ్లలో 200 మంది రాసిన హోటల్‌కు ఒక్క నెలలో 734 మంది వచ్చి, అందరూ ఒకే మాట చెప్పారంటే గూగుల్ కంప్యూటర్ల సంగతి తర్వాత, మీ వీధి చివర పాన్ షాపు ఆయనైనా నమ్ముతాడా?

ఇక "నిజమైన ప్రొఫైళ్లు". ఒక దంతవైద్యశాల పేజీలో ఐదు స్టార్ల రివ్యూ ఒకటి చూశాను. రాసిన వ్యక్తి పేరు మీద నొక్కితే అతను రాసినవన్నీ వరుసగా వచ్చాయి. అదే వారంలో జైపూర్‌లో పాలరాతి దుకాణం, సూరత్‌లో చీరల గోదాము, కొచ్చిలో కార్ల మరమ్మతు షెడ్డు, గుంటూరులో కోచింగ్ సెంటరు. అన్నిచోట్లా అవే మూడు ముక్కలు: మంచి సేవ, మర్యాదగల సిబ్బంది, తప్పక వెళ్లండి. నిజంగా తిన్న మనిషి అలా రాయడు. "పెసరట్టు బాగుంది, అల్లం చట్నీ రెండోసారి అడిగితే విసుక్కున్నారు, బండి పెట్టుకోవడానికి చోటు లేదు" అని రాస్తాడు. ఇచ్చేది నాలుగు స్టార్లే. కానీ ఆ విసుగును చదివే మనిషి పెసరట్టును నమ్ముతాడు.

వ్యాపారులకు ఈ ఆశ ఎందుకు పుడుతుందో నాకు అర్థమవుతుంది. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చెందిన మైకేల్ లూకా 2011లో అమెరికాలోని సియాటిల్ నగరం రెస్టారెంట్ల మీద చేసిన అధ్యయనంలో, యెల్ప్ అనే వెబ్‌సైట్‌లో రేటింగ్ ఒక స్టార్ పెరిగితే ఆదాయం 5 నుంచి 9 శాతం పెరుగుతున్నట్టు తేలింది. ఆ ప్రభావం సొంతంగా నడుపుకునే రెస్టారెంట్ల మీదే కనిపించింది. పేరున్న గొలుసు హోటళ్ల మీద కనిపించలేదు. పెద్ద బ్రాండ్‌కు బోర్డే హామీ. మనకు ఆ హామీ కస్టమర్ల మాటల్లోంచే రావాలి. అందుకే చిన్న వ్యాపారికి స్టార్ల మీద భయం ఎక్కువ. ఆ భయమే ఈ ఏజెన్సీలకు పెట్టుబడి.

ఇంకో పరిశోధన కూడా చెప్పాలి. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలోని స్పీగెల్ పరిశోధనా కేంద్రం గమనించినదేమిటంటే, కొనుగోలుదారు కొనడానికి ఎక్కువగా మొగ్గేది రేటింగ్ 4.0 నుంచి 4.7 మధ్య ఉన్నప్పుడు. ఐదుకు దగ్గరవుతున్న కొద్దీ ఆ మొగ్గు తగ్గుతుంది. జనానికి అనుమానం వస్తుంది. కాబట్టి 4.2 ఉన్న హోటల్ యజమాని నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

ఇప్పుడు నేను ముఖ్యంగా చెప్పడానికి వచ్చిన విషయం. దొంగ రివ్యూలు దొరికిపోతే పరువు పోతుందని అందరూ చెబుతారు, అది నిజమే. దొరకకపోతే ఏమవుతుందో ఎవరూ చెప్పరు. దొరకకపోతే, మీకు ఆ పేరు అమ్మినవాడి చేతికి మీరు చిక్కుతారు. ఏ రివ్యూ ఎప్పుడు, ఏ ఖాతా నుంచి పడిందో అతని దగ్గర జాబితా ఉంటుంది. మీరు డబ్బు పంపిన రసీదు ఉంటుంది, మీ వాట్సాప్ మాటలు ఉంటాయి. వచ్చే నెల డబ్బు ఆపేస్తే ఏం చేయగలడో అతనికి తెలుసు, మీకూ తెలుసు. చాలా ప్యాకేజీల్లో "నెలనెలా మెయింటెనెన్స్" అని ఒక పద్దు ఉంటుంది. అది దేనికో ఇప్పుడు అర్థమైంది కదా.

ఇది నా ఊహ అనుకోకండి. 2015 ఆగస్టులో వికీపీడియా సంపాదకులు ఆరెంజ్‌మూడీ అనే పేరుతో ఒక ముఠాను బయటపెట్టి 381 ఖాతాలను నిషేధించారు. ఆ ముఠా పని విధానం చూడండి. చిన్న కంపెనీలు, కళాకారులు వికీపీడియాలో తమ గురించి వ్యాసం పెట్టుకోవాలని ప్రయత్నించి, అది తిరస్కరణకు గురైనచోట వీళ్లు కాపు కాసేవారు. అనుభవమున్న సంపాదకులమని చెప్పుకొని వాళ్లను సంప్రదించి, డబ్బు తీసుకుని వ్యాసం పెట్టేవారు. కొన్నాళ్లకు మళ్లీ వచ్చి, వ్యాసం తొలగిపోకుండా కాపాడాలంటే నెలనెలా కట్టాలనేవారు. పెట్టినవాడే తీసేయగలడు కదా.

2021లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఇంకో రకం దందాను వెలికితీసింది. మనుషుల మీద నిందలు ప్రచురించే వెబ్‌సైట్లు కొన్ని ఉన్నాయి. ఆ పత్రిక విలేకరి ఒకరు పరీక్ష కోసం తన ఫొటోతో తన మీదే ఒక నింద పెట్టి, అది ఎక్కడెక్కడికి పాకుతుందో చూశారు. ఒక సైటు నుంచి మరో సైటుకు అంటుకుంటూ పోయింది. ఆ సైట్లలోనే "మీ మీది నిందలు తొలగిస్తాం" అనే ప్రకటనలు కనిపించాయి. తీగ లాగితే, నింద వేసే సైట్లకూ డబ్బు తీసుకుని దాన్ని తీయించే సేవలకూ లోపల్లోపల సంబంధాలు బయటపడ్డాయి. మీ మీద ఉన్నట్టుండి నాలుగు ఒక స్టార్ రివ్యూలు పడి, ఆ వారంలోనే "మేము తీయిస్తాం" అని ఫోన్ వస్తే, అది కాకతాళీయమని వెంటనే అనుకోవద్దు.

రివ్యూ తీయించడం గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను. దీనిమీద అపోహలు చాలా ఉన్నాయి. "గూగుల్‌లో మాకు మనిషి ఉన్నాడు" అని ఎవరైనా అంటే అక్కడితో మాట ఆపేయండి. గూగుల్ రివ్యూ తీసేది రెండు సందర్భాల్లో: అది వారి నియమాలకు విరుద్ధమైనప్పుడు, లేదా చట్టప్రకారం తీయాల్సి వచ్చినప్పుడు. యజమానికి నచ్చలేదన్నది కారణం కాదు. నియమం తప్పిన రివ్యూ మీద ఫిర్యాదు చేసే సాధనం మీ బిజినెస్ ప్రొఫైల్‌లోనే, అంటే గూగుల్‌లో మీ వ్యాపారం వివరాలు చూపే పేజీలోనే ఉంది, ఉచితం. ఫిర్యాదు స్థితి చూసుకోవచ్చు, తిరస్కరిస్తే అప్పీలు చేయవచ్చు. నిజాయతీగల ఏజెన్సీ అయినా ఈ దారిలోనే వెళ్లాలి. దగ్గరి దారి ఉందన్నవాడు వెళ్లే దారులేమిటో చెబుతాను.

ఒకటి, దొంగ దావా. అమెరికాలో న్యాయశాస్త్ర ఆచార్యుడు యూజీన్ వోలోక్ 2016 నుంచి ఇలాంటివి వరుసగా బయటపెట్టారు. రివ్యూ రాసింది ఫలానా వ్యక్తి అంటూ పరువునష్టం దావా వేస్తారు. ఆ పేరుగల మనిషి ఎక్కడా దొరకడు. అయినా "తప్పు ఒప్పుకుంటున్నాను" అంటూ ఆ వ్యక్తి సంతకంతో కాగితం కోర్టుకు వస్తుంది. కోర్టు ఆదేశం పుడుతుంది, అది గూగుల్‌కు వెళుతుంది. మరికొన్నిచోట్ల దావా కూడా లేదు. ఆదేశాన్నే జడ్జి సంతకంతో సహా ఫోర్జరీ చేశారు. వ్యాపారులారా, ఇక్కడ ఒక్క సంగతి పట్టుకోండి. ఆ కాగితాల్లో వాదిగా ఉండేది ఏజెన్సీ పేరు కాదు, మీ పేరు. ఒక స్టార్ రివ్యూ కోసం బయలుదేరి కోర్టును మోసగించిన మనిషిగా రికార్డులకు ఎక్కుతారు.

రెండోది, వెనక తేదీ వేసిన నకలు. మీ గురించి ఒక పత్రికలో వార్త వచ్చిందనుకోండి. దాన్ని అక్షరం మారకుండా ఇంకో సైటులో పెట్టి, పాత తేదీ వేస్తారు. తర్వాత ఆ పత్రికే తమ దగ్గర కాపీ కొట్టిందంటూ అమెరికా కాపీరైట్ చట్టం కింద గూగుల్‌కు ఫిర్యాదు పంపుతారు. స్పెయిన్‌కు చెందిన ఎలిమినాలియా అనే కంపెనీ ఖాతాదారుల కోసం ఇలాంటి పద్ధతులు వాడిందని 2023 ఫిబ్రవరిలో ఫర్‌బిడెన్ స్టోరీస్ నేతృత్వంలో పాత్రికేయ బృందాలు కంపెనీ అంతర్గత పత్రాలతో సహా రాశాయి. ఏం తుడిచేయమని డబ్బు ఇచ్చారో, ఆ ఖాతాదారుల పేర్లే అంతర్జాతీయ పత్రికల్లోకి వచ్చాయి. ఇలాంటి తొలగింపు నోటీసుల నకళ్లను గూగుల్ హార్వర్డ్‌లో మొదలైన లూమెన్ అనే బహిరంగ భాండాగారానికి పంపుతుంది. ఎవరు ఏ పేజీ తీయమన్నారో పరిశోధకులు, విలేకరులు అక్కడ వెతుకుతుంటారు.

ఈ రివ్యూలు ఎవరు రాస్తారన్న ప్రశ్న నన్ను ఎక్కువగా బాధిస్తుంది. "ఇంటి దగ్గర కూర్చుని రేటింగ్ ఇస్తే డబ్బు" అని టెలిగ్రామ్‌లో ప్రకటనలు తిరుగుతుంటాయి. చదువు పూర్తయి ఉద్యోగం దొరకని పిల్లలు, పిల్లల్ని బడికి పంపి ఖాళీగా ఉన్న గృహిణులు చేరతారు. మొదట కొద్దిగా డబ్బు వస్తుంది. నమ్మకం కుదిరాక పెట్టుబడి పెట్టమంటారు. 2023 జులైలో హైదరాబాద్ పోలీసులు ఇలాంటి ఒక కేసులో 712 కోట్ల రూపాయల మోసాన్ని బయటపెట్టారు. బాధితులు సుమారు 15,000 మంది. ఐదు స్టార్లను ముక్కలుగా అమ్మే వ్యాపారం ఉందని జనం నమ్మబట్టే ఆ ఎర పనిచేసింది. రివ్యూ కొనే ప్రతి వ్యాపారీ ఆ నమ్మకానికి బలం ఇస్తున్నాడు. మన ఊరి పిల్లలు అందులో పోగొట్టుకున్నది తల్లిదండ్రుల కష్టార్జితం. దీన్ని వ్యాపారంలో మామూలేనని సర్దుకుపోవడం నాకు చేతకాదు.

చట్టం మాట తొందరగా చెప్పేస్తాను. మన దేశంలో 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మకందారు తానే వినియోగదారుడినని నమ్మించి రివ్యూ రాయకూడదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద ఏర్పడిన కేంద్ర ప్రాధికార సంస్థ తప్పుదారి పట్టించే ప్రకటనలకు 10 లక్షల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయగలదు. 2022 నవంబరులో భారతీయ ప్రమాణాల బ్యూరో ఆన్‌లైన్ రివ్యూల కోసమే ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. ప్రస్తుతానికి అది స్వచ్ఛందమే, అయినా గాలి ఎటు వీస్తోందో తెలుస్తోంది. డాక్టర్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ప్రకటనలతో రోగులను రప్పించుకోవడాన్ని వైద్యుల ప్రవర్తనా నియమావళి 2002 నుంచే తప్పుపడుతోంది.

డల్లాస్‌లోనో ఎడిసన్‌లోనో రెస్టారెంట్లు, కిరాణా దుకాణాలు నడిపే బంధువులు మీలో చాలామందికి ఉన్నారు. ఈ మాట వాళ్లకు చేరవేయండి. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దొంగ రివ్యూలను నిషేధిస్తూ తెచ్చిన నియమం 2024 అక్టోబర్ 21 నుంచి అమల్లో ఉంది. దొంగ రివ్యూలు అమ్మడంతో పాటు కొనడం కూడా ఉల్లంఘన లెక్కలోకే వస్తుంది, ఒక్కో ఉల్లంఘనకు జరిమానా 50 వేల డాలర్లు దాటవచ్చు. అంతకుముందే 2013లో న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయం వాళ్లు బ్రూక్లిన్‌లో పెరుగు దుకాణం యజమానులమని చెప్పి ఏజెన్సీలకు ఫోన్లు చేశారు. దొంగ రివ్యూలు రాయిస్తామని ఒప్పుకున్నవారితో పాటు, రాయించుకున్న వ్యాపార సంస్థలు కూడా ఆ వలలో పడ్డాయి. మొత్తం 19 సంస్థలు, 3,50,000 డాలర్లకు పైగా జరిమానా. ఇటలీలోనైతే ట్రిప్‌అడ్వైజర్‌లో హోటళ్లకు దొంగ రివ్యూలు అమ్మిన వ్యక్తికి 2018లో లెచ్చె కోర్టు తొమ్మిది నెలల జైలు వేసింది.

చట్టం నిదానంగా కదలవచ్చు. గూగుల్ లాంటి ఆన్‌లైన్ వేదికలు మాత్రం రోజూ కదులుతున్నాయి. ఒక్క 2024లోనే 24 కోట్లకు పైగా నియమ విరుద్ధ రివ్యూలను అడ్డుకున్నామని గూగుల్ ప్రకటించింది. దొరికిన ప్రొఫైల్‌కు కొన్నాళ్లు కొత్త రివ్యూలు రాకుండా ఆపేయవచ్చు. దొంగ రివ్యూలు తొలగించామని పేజీ మీదే హెచ్చరిక పెట్టే పద్ధతి కూడా కొన్ని దేశాల్లో వచ్చింది. అప్పుడు మీ నిజమైన కస్టమర్లు నిజంగా మెచ్చుకుని రాసిన మాటలకు కూడా విలువ ఉండదు. అన్నిటికన్నా అన్యాయం అదే.

మరి ఏం చేయాలి? చెడ్డ రివ్యూకు సమాధానం చెప్పండి. దాని కింద మీరు రాసే నాలుగు వాక్యాలు ఆ రివ్యూ పెట్టిన మనిషి ఒక్కడికే కాదు, తర్వాత చదివే వందమందికి. ఒకాయన రాశాడు: "ఆదివారం మధ్యాహ్నం ముప్పావు గంట కూర్చోబెట్టారు, చివరికి సాంబారు చల్లారిపోయి వచ్చింది." దాని కింద కొందరు యజమానులు రాసేది ఎలా ఉంటుందంటే, "మీరు పోటీ హోటల్ మనిషి, ధైర్యముంటే ఎదురుగా రండి." ఇది చదివిన కొత్త కస్టమర్ చల్లారిన సాంబారునైనా క్షమిస్తాడు, ఈ మాటను క్షమించడు. ఇలా రాయండి: "ఆదివారం మధ్యాహ్నం రద్దీకి వడ్డించేవాళ్లు చాలలేదు, మీకు ఇబ్బంది కలిగింది, మన్నించండి. ఈ వారం నుంచి ఆ పూటకు మరో ఇద్దరిని పెట్టాం. ఈసారి వచ్చినప్పుడు కౌంటరులో నన్ను అడగండి." కింద మీ పేరు రాయండి. రాసిన తర్వాత నిజంగా ఆ ఇద్దరినీ పెట్టండి, లేకపోతే ఇది కూడా అబద్ధమే.

రివ్యూ అడగడంలో తప్పులేదు. బిల్లు ఇచ్చేటప్పుడు క్యూఆర్ కోడ్ చూపించి అడగండి, అందరినీ అడగండి. నవ్వుతూ వెళ్లేవారిని మాత్రమే ఏరి అడగడం గూగుల్ నియమాలకు విరుద్ధం. "ముందు మాకు మార్కులు వేయండి" అంటూ ఫారం ఇచ్చి, ఐదు వేసినవారిని గూగుల్‌కు, రెండు వేసినవారిని ఫిర్యాదు పెట్టెకు పంపే సాఫ్ట్‌వేర్లు అమ్ముతున్నారు. వాటి జోలికి పోవద్దు. రివ్యూ రాస్తే గులాబ్‌జామ్ ఉచితం అనడం కూడా వద్దు. గులాబ్‌జామ్ ఊరికే ఇవ్వండి, అది వేరే సంగతి.

మీ దగ్గరకు ఎప్పుడూ రాని మనిషి, లేదా పోటీదారు అబద్ధం రాశాడని నమ్మకంగా తెలిస్తే? స్క్రీన్‌షాట్ తీయండి. ఆ తేదీ బిల్లు పుస్తకం చూడండి. కింద మర్యాదగా "ఆ తేదీన ఈ పేరుతో మా దగ్గర బిల్లు కనబడలేదు, నంబరు పంపితే పరిశీలిస్తాం" అని రాసి, ప్రొఫైల్ నుంచి ఫిర్యాదు చేయండి. డబ్బు ఇవ్వకపోతే వరుసగా ఒక స్టార్లు వేయిస్తామని బెదిరిస్తే ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు. ఇచ్చినవారి నంబరు ఆ ముఠాల్లో చేతులు మారుతుంది. సందేశాలు చెరిపేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.

ఏజెన్సీలన్నీ చెడ్డవి కావు. ఫొటోలు బాగా తీసిపెట్టేవారు, పనివేళలు సరిచేసేవారు, మీ తరఫున సమాధానాలకు ముసాయిదా రాసిచ్చేవారు ఉన్నారు. వాళ్ల పనికి డబ్బు ఇవ్వడం న్యాయమే. ఒప్పందానికి ముందు అడగండి: ఈ నెల మా ప్రొఫైల్ మీద మీరు ఏమేమి చేస్తారో రాసిస్తారా? రేటింగ్ అంకెకు గ్యారంటీ ఇస్తానన్నవాడిని, పద్ధతి అడిగితే "అది మా రహస్యం" అన్నవాడిని గుమ్మం నుంచే పంపించండి.

ఇప్పటికే కొన్నవారు కూడా ఇక్కడ ఉండవచ్చు. ఎవరినీ చేతులెత్తమనను. ఈ రోజుతో డబ్బు ఆపండి. అమెజాన్ అమ్మకందారుల మీద జరిగిన ఒక పరిశోధనలో, కొనడం ఆపగానే రేటింగ్ పడిపోయి ఒక స్టార్ రివ్యూలు పెరిగినట్టు కనబడింది. దానికి సిద్ధపడండి. ఎందుకంటే ఆ వచ్చే రివ్యూలు నిజమైనవి, వాటికి మీరు సమాధానం చెప్పగలరు.

చివరిగా, అందరూ ఇప్పుడే ఫోన్లు తీయండి. మీ గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ తెరిచి, సెట్టింగ్స్‌లో అది ఎవరెవరి చేతిలో ఉందో చూపే జాబితాకు వెళ్లండి. ప్రధాన యజమాని అన్నచోట ఏ జీమెయిల్ ఉందో చదవండి. అది మీది అయితే, మేనేజర్లుగా ఉన్న పాత ఏజెన్సీల పేర్లు తీసేసి పాస్‌వర్డ్ మార్చండి. మీది కాకపోతే, లేదా అసలు ఆ జాబితానే మీకు తెరుచుకోకపోతే, యాజమాన్యం కోరుతూ గూగుల్‌కు అభ్యర్థన పెట్టే మార్గం ఉంది. నేను ఇంకా గంటసేపు ఈ హాల్లోనే ఉంటాను. ఫోను, దుకాణం పేరు మీద ఉన్న ఏదైనా లైసెన్సు కాగితం పట్టుకుని రండి, ఇక్కడే కూర్చుని ఆ అభ్యర్థన పెడదాం.